ద్వారపాలకుని లెక్క



1713లో మా విజయనగరపు కోటకు పునాది వేసినవారు గోడలతో సరిపెట్టక ద్వారములను గూడ నిలిపిరి. ద్వారము లేని కోట చెఱసాల యగును. పాఠములును మాదిరి ప్రశ్నపత్రములును భద్రపఱచిన పాఠశాల సర్వరునకు ఫైర్‌వాల్ అమర్చునపుడు మేము విద్యార్థులకు మొదట జెప్పిన మాట యిదియే.

అనుమతింపబడనిదెల్ల నిషిద్ధమని మూలనియమము. అటుపిమ్మట, ఇదివఱకే నడచుచున్న సంభాషణలకు జెందిన ప్యాకెట్లను రానిచ్చితిమి. 2001 జనవరిలో వెలువడిన లినక్సు 2.4 కెర్నెలు మొదలుకొని ఫైర్‌వాల్ ఒక పట్టీ నుంచుకొని, ఏది పాతదో యేది క్రొత్తదో గుర్తింపగలుగుచున్నది. క్రొత్తగా వచ్చువారికి 443వ సంఖ్యగల వెబ్ ద్వారమొక్కటియే తెఱచితిమి. సర్వరును సరిదిద్దుకొను 22వ ద్వారము ఉపాధ్యాయుల గదిలోని కంప్యూటరునకు మాత్రమే. నియమములు పైనుండి క్రిందికి వరుసగా పరిశీలింపబడును; మొట్టమొదట సరిపడినదే తీర్పు. కావున వరుస తప్పినచో మంచి నియమమును నిష్ఫలమగును.

ఇక వరద సంగతి. టి.సి.పి. సంబంధము మూడు మాటలతో కుదురును. వచ్చువాడు 'సిన్' అని తలుపు తట్టును. సర్వరు 'సిన్-అక్' అని బదులు పలికి వానికై చోటుంచును. వాడు మరల 'అక్' అనవలెను. దుర్మార్గుడు దొంగ చిరునామాలతో వేలమార్లు తలుపు తట్టి మూడవ మాట పలుకకుండును. చోటంతయు నిండగా నిజమైన యతిథి వీధిలో నిలుచును. 1996 సెప్టెంబరులో న్యూయార్కునందలి ప్యానిక్స్ అను ఇంటర్నెట్టు సంస్థ యిట్టి దాడికి లోనయ్యెను. ఆ సంవత్సరమే డేనియల్ జె. బెర్న్‌స్టైన్ 'సిన్ కుకీ' అను నుపాయము సూచించెను: మూడవ మాట వచ్చువఱకు చోటుంచకుండుట. దానిని మేమును వాడితిమి.

దీనికి తోడు ఒక్కొక్క చిరునామాకు హద్దు పెట్టవలెను. సెకనుకు 25 క్రొత్త సంబంధములు చాలునని యొకరనిరి. మేము పలక దీసి లెక్క వేసితిమి. వసతిగృహపు బాలురు 40 మంది ఒకే రౌటరు గుండ వత్తురు. సర్వరునకు వారందఱును ఒక్క చిరునామాయే. ఒక్కొక్క బ్రౌజరు 6 సంబంధముల వఱకు తెఱచుట కద్దు. పరీక్షల ముందు రాత్రి అందఱొక్కసారి పుట తెఱచినచో 240! మన పిల్లలే శత్రువులవలె కనబడుదురు గదా! కావున మొదటి రద్దీకి 300 వఱకు సెలవిచ్చి, తరువాత సెకనుకు 25 చొప్పున హద్దు నిలిపితిమి.

సర్వరును జేరు దారియే నిండిపోయినచో ద్వారమువద్ద నేమి చేసినను ఫలము లేదు. అప్పుడు ఇంటర్నెట్టు నిచ్చువారే పైదారిలో అడ్డుకొనవలెను.

బాలబాలికలారా, రేపు మీలో ననేకులు ఇట్టి ద్వారములను కాయుదురు. నిషేధించుట సులభము. హద్దు వ్రాయుటకు ముందు లోనికి రాదగినవారెందఱో, ఏ వేళ వత్తురో లెక్కించుకొనుడు.