తరుగు ఎంత రాశారు?

రండి, కాసేపు ఈ కట్ట మీద కూర్చుందాం. పూండి నీళ్ల మీంచి వచ్చే సాయంత్రపు గాలికి ఎంత పొడుగు కబురైనా చెప్పుకోవచ్చు. మద్రాసు మేయరుగా ఉండగా సత్యమూర్తి గారు పూనుకోబట్టి, కుశస్థలి నదికి అడ్డంగా 1944లో ఈ జలాశయం పూర్తయింది. ఆయన చూడలేదు, 1943లోనే పోయారు. మన తెలుగువాళ్లకు మాత్రం ఇది కృష్ణమ్మ వచ్చి చేరే చోటు.

మద్రాసు దాహం తీర్చడానికి మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 టీఎంసీలు ఇస్తామన్నాయి. మొత్తం 15. కానీ ఆ నీళ్లు తెచ్చే తెలుగుగంగ కాలువ పథకానికి 1983లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఊత్తుకోట దగ్గర, సరిహద్దులోని జీరో పాయింటులో అప్పగించాల్సింది 12. మిగిలిన 3 దారిలో ఆవిరికీ, ఇంకుడికీ.

నాకు ఆ 3 మీదే మనసు. చుక్క నీరు బయల్దేరక ముందే ఎంత పోతుందో కాగితం మీద పెట్టుకున్నారు. బంగారు కొట్లో దీన్ని తరుగు అంటాం. మా కామర్స్ పుస్తకాల్లో తరుగుదల. పద్దుల శాస్త్రంలో పెద్ద పెద్ద పండితులు తలలు పట్టుకున్నది ఈ మాట దగ్గరే.

1494లో వెనిస్‌లో అచ్చయిన పుస్తకంలో లూకా పాచోలి జంటపద్దు విధానాన్ని వివరించాడు. కనిపెట్టింది ఆయన కాదు, వర్తకులు అప్పటికే అలా రాస్తున్నారు. చిత్తు, చిట్టా, ఆవర్జా: మూడు పుస్తకాలు. ఓడ వచ్చింది, సరుకు అమ్ముడుపోయింది, పద్దు ముగిసింది. రైళ్లు వచ్చాక ఆ తీరు సరిపోలేదు. పట్టాలు ఏటా అరుగుతాయి, డబ్బు మాత్రం ఆ ఏడు బయటికి పోదు. అరుగుదల రాయకుండా మిగులంతా పంచేస్తే? 1889లో నూషాటెల్ ఆస్ఫాల్ట్ కంపెనీ కేసులో ఇంగ్లండు కోర్టు, తవ్వేకొద్దీ తరిగిపోయే ఆస్తికి తరుగు కట్టకపోయినా లాభం పంచవచ్చంది. నా దృష్టిలో అది తప్పుడు తీర్పు. పెట్టుబడినే లాభమని తినేయనిచ్చింది.

1940లో అమెరికాలో పేటన్, లిటిల్‌టన్ కలిసి దారి చూపారు: ఖర్చును అది తెచ్చిన రాబడి పక్కనే రాయండి. బాగానే ఉంది. కానీ యంత్రం ఈ ఏడు ఎంత అరిగిందని చెప్పేదెవరు? ఏటా సమానంగా కట్టే స్థిర వాయిదాల పద్ధతి ఒక అంకె చెబుతుంది, మిగిలిన విలువ మీద కట్టే తగ్గుతున్న నిల్వల పద్ధతి ఇంకోటి. ఏది నిజమో రుజువు చేయలేమనీ, ఏదీ తప్పనలేమనీ 1969లో ఆర్థర్ థామస్ తేల్చేశాడు. చదివినప్పుడు నాకు కాళ్ల కింద నేల కదిలింది.

నన్ను మళ్లీ నిలబెట్టింది జపాన్‌లో పుట్టిన యూజీ ఇజిరి. 1975 నాటి ఆయన పుస్తకంలో లెక్కంటే ముగ్గురి వ్యవహారం: లెక్క చెప్పాల్సినవాడు, చెప్పించుకునేవాడు, మధ్యన రాసేవాడు. జీరో పాయింటుకు వెళ్లి చూడండి, ఈ ముగ్గురూ కనబడతారు: నీళ్లిచ్చేవాడు, పుచ్చుకునేవాడు, మధ్యన కొలిచి రాసేవాడు. 1996లో మొదటిసారి నీళ్లొచ్చాయి. మట్టి కాలువ అనుకున్నదానికంటే ఎక్కువే తాగేసింది. చాలా ఏళ్లు 12 రానేలేదు. కాగితం మీద 3 అని ఉండబట్టే ఎక్కువ పోయిందని అడగగలిగారు. తరవాత సత్యసాయి ట్రస్టు కాలువను బాగుచేయించింది. ముందే రాసుకున్న తరుగు అంచనాయే కావచ్చు, తప్పే కావచ్చు. రాసి ఉంటేనే దాన్ని పట్టుకుని నిలదీయగలం.

మన 2013 కంపెనీల చట్టం రెండో షెడ్యూలు కంప్యూటరుకు 3 ఏళ్లు, కారుకు 8 ఏళ్లు ఆయుష్షు రాసింది. అవీ అంచనాలే. అంతకంటే ఎక్కువో తక్కువో వేసుకున్న కంపెనీ కారణం చెప్పాలి. ఈసారి మీ చేతికి ఏ కంపెనీ వార్షిక నివేదిక వచ్చినా, లాభం అంకె చూసేముందు వెనక పేజీల్లోకి వెళ్లి తరుగుదల ఎన్నేళ్లకు, ఏ పద్ధతిలో కట్టారో చదవండి.