మా నాన్న వదిలిన ఊచలు - నేను కొనబోయే మదర్‌బోర్డు

మా ఇంట్లో డిగ్రీ పట్టా తెచ్చిన మొదటి వాడిని నేనే. ఈ హాస్టల్ అన్నం తిని డిగ్రీ పూర్తి చేశాను, ఇప్పుడు ఎం.సి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మిత్రులందరూ కవితలు ఇచ్చారు. నాకు కవిత్వం రాదు. అందుకే నాకు కాస్త తెలిసిన మదర్‌బోర్డు గురించి రాస్తున్నాను. నవ్వకండి తమ్ముళ్ళూ, దీని వెనక మా అమ్మ మిరపకాయ కోతల డబ్బులున్నాయి.

2022లో డిగ్రీ చదువుతుండగా గుంటూరులో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొన్నాను. పైన ఐ5 అని స్టిక్కర్ ఉంది. అది చాలనుకున్నాను. లోపల బోర్డు ఏమిటని అడగాలని కూడా అప్పుడు తెలియదు. అది 2011 నాటి హెచ్61 చిప్‌సెట్ బోర్డు. ఏడాది తిరిగేసరికి ప్రోగ్రాములు తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టేది. ఎస్.ఎస్.డి. వేస్తే వేగం వస్తుందని ఎవరో చెప్పారు. అమ్మ ఆ సీజన్ కోతలకు వెళ్ళిన కూలి డబ్బులు పంపింది. ఎం.2 రకం ఎస్.ఎస్.డి. కొని తెచ్చి, రూములో అందరి ముందు క్యాబినెట్ విప్పాను. దాన్ని పెట్టడానికి స్లాటే లేదు. నా చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కరూ మాట్లాడలేదు.

అడాప్టర్ కార్డుతో తగిలించవచ్చు గానీ, ఆ పాత బయోస్ దాని నుంచి బూట్ చేయలేదు. పోనీ ర్యామ్ పెంచుదామంటే రెండే స్లాట్లు, 16 జీబీ దాటదు. ప్రాసెసర్ మారుద్దామంటే ఆ సాకెట్‌కు 2012 నాటి మూడో తరమే ఆఖరు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు సపోర్టు కూడా ఆగిపోయింది. విండోస్ 11 ఆ ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. ప్రస్తుతం లైనక్స్ వేసుకుని నెట్టుకొస్తున్నాను. అమ్మకు మాత్రం ఆ రోజే ఫోన్లో "బాగా పనిచేస్తోందమ్మా" అని చెప్పాను. ఆ ఎస్.ఎస్.డి. ఇప్పటికీ నా ట్రంకు పెట్టెలో ఉంది.

సాయంత్రం ట్యూషన్లు చెప్పి కొంత డబ్బు కూడబెట్టాను. ఇప్పుడు కొత్తగా ఒక కంప్యూటర్ కట్టుకోబోతున్నాను. ఈసారి ప్రాసెసర్‌తో కాక చిప్‌సెట్‌తో మొదలుపెట్టాను. ఇప్పటి ప్రాసెసర్లలో ర్యామ్‌ను నడిపే భాగం, గ్రాఫిక్స్ కార్డుకు వెళ్ళే దారి ప్రాసెసర్‌లోనే ఉంటాయి. యు.ఎస్.బి., సాటా, అదనపు స్లాట్ల వంటివి ఎక్కువగా చిప్‌సెట్ చూసుకుంటుంది. మన బోర్డులో ఏ ప్రాసెసర్ తరాలు పడతాయి, రేపు ఏమేమి తగిలించుకోవచ్చు అనేది చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఈ సంగతి నాన్నకు చెప్పాను. నాన్న తాపీపని చేస్తాడు. మా రెండు గదుల ఇంటికి స్లాబు వేసినప్పుడు పిల్లర్ల మీద ఊచలు కోయకుండా వదిలేశాడు. "తినడానికి లేదు గానీ మేడ కడతాడంట" అని కొందరు నవ్వారు. నా మాటలన్నీ విని ఆయన అన్నాడు: "అంటే పిల్లర్లు గట్టిగా లేపి, పైగది తర్వాత కట్టుకునే యవ్వారం. అంతేగా అబ్బాయ్? అయితే ఒకటి గుర్తుపెట్టుకో. ఒక అంతస్తు వేసేవాడికి నాలుగంతస్తుల పిల్లర్లు దండగ. వదిలిన ఊచలు కూడా మరీ ఏళ్ళు గడిస్తే తుప్పు పడతాయి."

నెల రోజులుగా నేను చదివిన రివ్యూలన్నీ ఆ మూడు మాటల్లో ఉన్నాయి. వాటితోనే లెక్క వేశాను.

ఇంటెల్ వైపు హెచ్610 చవక. కానీ ర్యామ్ స్లాట్లు రెండే, ప్రాసెసర్‌కు నేరుగా కలిసే ఎం.2 దారి లేదు. బి760లో స్లాట్లు, దారులు ఎక్కువ. డి.డి.ఆర్.4 బోర్డులూ ఉన్నాయి, డి.డి.ఆర్.5 బోర్డులూ ఉన్నాయి. ఒకదాని ర్యామ్ మరోదానికి పట్టదు, చూసి కొనాలి. జెడ్790 ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేసేవాళ్ళకు. నాకు ఆ పని లేదు. అయితే వీటి సాకెట్ ఎల్.జి.ఎ.1700కు 2021 నుంచి 2023 వరకు 12, 13, 14 తరాలు వచ్చాయి. 2024లో కొత్త ప్రాసెసర్లతో సాకెట్టే మారిపోయింది. అంటే ఆ ఊచలు ఇక పెరగవు.

ఏఎండీ వైపు ఎ.ఎం.5 సాకెట్ 2022లో వచ్చింది. 2027 వరకు, ఆ పైన కూడా దీన్ని కొనసాగిస్తామని ఆ కంపెనీ 2024లో ప్రకటించింది. వాళ్ళ పాత ఎ.ఎం.4 సంగతి చూస్తే నమ్మకం కలుగుతుంది. 2017లో కొన్న బోర్డుల్లో చాలావాటికి, బయోస్ మార్చుకుంటే, 2022 నాటి ప్రాసెసర్లు పట్టాయి. ఎ.ఎం.5లో చవకైనది ఎ620. పనికి సరిపోతుంది గానీ, చాలా బోర్డుల్లో కరెంటు అందించే భాగం చిన్నది. రేపు పెద్ద ప్రాసెసర్ వేస్తే ఇబ్బంది. ఎక్స్670లో బి650 రకం చిప్పులే రెండు జతచేసి ఉంటాయి. అవి నాలుగంతస్తుల పిల్లర్లు. మధ్యలో ఉన్నది బి650. 2025లో వచ్చిన బి850 కూడా దాదాపు ఆ వరుసే.

నేను బి650 దగ్గర ఆగాను. నాలుగు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు ఉన్న బోర్డు చూసుకుంటాను. ఒకే చిప్‌సెట్ ఉన్నా బోర్డుకూ బోర్డుకూ స్లాట్లు మారతాయి, కాబట్టి పేరొక్కటే చూసి కొనకూడదు. గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే వద్దు, ప్రాసెసర్‌లో ఉన్నదే చాలు. ఎ.ఎం.5కు డి.డి.ఆర్.5 తప్పనిసరి. 2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరగడంతో ముందు 16 జీబీ స్టిక్ ఒక్కటే కొంటాను. ఒక్క స్టిక్‌తో వేగం కొంత తగ్గుతుంది, తెలిసే ఒప్పుకుంటున్నాను. డి.డి.ఆర్.4 ర్యామ్ ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్ళకు బి760 మంచిది కావచ్చు. ఎవరి ఇంటి కొలత వాళ్ళది.

తమ్ముళ్ళూ, మన దగ్గర డబ్బు తక్కువ కాబట్టి అన్నిటికంటే చవకది కొనుక్కోమని అందరూ చెబుతారు. నేను అలాగే కొన్నాను. డబ్బున్నవాడు తప్పు కొంటే ఇంకోటి కొంటాడు. మనం తప్పు కొంటే దానితోనే ఏళ్ళు గడపాలి. అందుకే షాపుకు వెళ్ళేముందు నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసుకోండి: చిప్‌సెట్ ఏది? ఈ సాకెట్‌కు ఇంకా ప్రాసెసర్లు వస్తాయా? ర్యామ్ స్లాట్లు ఎన్ని, ఏ రకం? ఎం.2 ఉందా? సమాధానం చెప్పకపోతే బయటికి వచ్చేయండి. అడగడానికి సిగ్గుపడకండి. నా సిగ్గు ఖరీదు మా అమ్మ ఒక సీజన్ కూలి.

కొత్త బోర్డు వచ్చిన రోజు ముందుగా అమర్చేది ట్రంకు పెట్టెలోని ఆ ఎస్.ఎస్.డి.నే. దానికి ఇప్పుడు స్లాటు ఉంటుంది. మా అమ్మకు చదువు రాదు. ఈ సంచిక అచ్చయ్యాక ఊరు తీసుకెళ్ళి ఇది నేనే చదివి వినిపిస్తాను. ఫోన్లో చెప్పిన అబద్ధం దగ్గరికి వచ్చాక కూడా ఆపకుండా చదువుతాను.