ముందు మన తలమీద చెయ్యి

కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే దారిలో, భద్రాచలం రోడ్డు లైను చీలే చోట ఉంది డోర్నకల్ జంక్షన్. ఇప్పుడది మహబూబాబాద్ జిల్లా. ఇక్కడి ఎపిఫనీ కెతీడ్రల్‌ని చూడాలని, దాన్ని కట్టించిన బిషప్ వి.ఎస్. అజరయ్య గారి బోధ ఈ పల్లెల్లో ఎంత నిలిచి ఉందో తెలుసుకోవాలని వచ్చాను. పాపం గురించి, మారుమనస్సు గురించి తోటివారిని హెచ్చరించడం క్రైస్తవుడి బాధ్యత. ఆ బాధ్యతను ఎలా మొయ్యాలో తెలుగు నేలమీద నేర్పినవారిలో ఆయన ముందువరుసలో ఉంటారు.

చర్చి దూరం నుంచే కనబడుతుంది. పైన గుమ్మటాలు, మినార్ల వంటి బురుజులు. లోపలికి వెళ్తే మన గుడి మండపాలను తలపించే రాతి స్తంభాలు. ఇది ఇంగ్లండు చర్చికి నకలు కాకూడదని ఆయన సంకల్పం. పని దాదాపు పాతికేళ్లు సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది.

అజరయ్య గారు తమిళులు. 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. 1909లో నిజాం రాజ్యంలోని ఈ మారుమూలకు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయ్యారు. 1945 జనవరి 1న కన్నుమూసేదాకా డోర్నకల్ డయాసిస్‌కు ఆయనే కాపరి. ఎడ్లబండి మీద పల్లెపల్లె తిరిగారు. ఆయన కాలంలోనే ఇక్కడి విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటింది. వారిలో ఎక్కువమంది మాల, మాదిగ వాడల కూలి జనం.

ఆరాధన ముగిశాక, పక్క పల్లెలో చాలాకాలం సేవచేసి విశ్రాంతి తీసుకుంటున్న ఒక ఉపదేశిని కలిశాను. వందనాలు చెప్పి కూర్చున్నాక, బిషప్పుగారి గురించి పెద్దలు చెప్పగా విన్న సంగతి ఒకటి చెప్పారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్లను బిషప్పుగారు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకోమనేవారట. తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమని, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అని వాళ్ల నోటితోనే పలికించేవారట. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో పౌలు తన గురించి చెప్పుకొన్న మాటను, అక్షరం రాని కూలివాడి నోటికి కూడా అందించారన్నమాట. సువార్త చెప్పే పని జీతం తీసుకునే పాస్టరుదే అని ఆయన ఒప్పుకోలేదు.

"ఇంకొకరి పాపం ఎత్తిచూపడానికి మనమెవరం అని జనం అడుగుతారు కదా, అయ్యగారూ?" అన్నాను.

"ఎత్తిచూపనీకి పోతే మనం ఎవ్వరం కాదు బిడ్డా," అన్నారాయన. "బావిల పడబోతుండు, ఆగు అని చెప్పనీకి మాత్రం పక్కన నడిచేటోడు చాలు. నా తలమీద నేను చెయ్యి పెట్టుకున్నంక గదా ఇంకొకని తలుపు కొట్టేది."

ఎలా వెళ్తారని అడిగితే వివరంగా చెప్పారు. ముందుగాల ఒక్కడే పోవాలి. పొద్దుగాల, మందు ముట్టకముందే పోవాలి. ఆలుబిడ్డల ముందట అడగొద్దు. వినకపోతే అతను గౌరవించే పెద్దమనిషిని వెంటబెట్టుకొని మళ్లీ పోవాలి. సంఘం ముందుకు తెచ్చేది ఆఖరున. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన వరుస ఇదే. నాలుగు గోడల మధ్య మొదలు కావలసిన మాటను మనం చాలాసార్లు మైకులో మొదలుపెడతాం. ఆ వరుస తప్పితే హెచ్చరిక కాస్తా పరువు తీయడంగా మారుతుంది.

అదే పల్లెలో స్త్రీల కూడికలో కనబడిన ఒక అమ్మ తన ఇంటి సంగతి చెప్పింది. భర్త తాగేవాడు. చేబదుళ్లు తెచ్చి ఎగ్గొట్టేవాడు. సంఘంలోని ఒకాయన వచ్చి మాట్లాడితే కసిరి పంపాడు. ఆయన మళ్లీ వచ్చాడు. "మా ఇంట్ల కూసొని, తను ఎట్ల చెడిపోయిండో, ఎట్ల లేచిండో చెప్పిండు. గప్పుడు మా ఆయన తల వంచిండు," అంది. తర్వాత ఆ ఇల్లాలూ భర్తా కలిసి ఎవరెవరికి ఎంత ఇవ్వాలో కాగితం మీద రాసుకొని, కొంచెం కొంచెంగా తీర్చారు. "చర్చిల ఏడ్చుడు ఒక్కనాటి పని. అప్పు తీర్చుడే అసలు మారుమనస్సు," అంది. లూకా సువార్తలో, అన్యాయంగా తీసుకున్నది తిరిగి ఇస్తానన్న జక్కయ్య ఇంట్లో జరిగింది కూడా ఇదే.

మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగింటినీ తన ప్రజలను పీడించే దయ్యాలుగా ఎంచి పోరాడారు అజరయ్య గారు. పాపాన్ని ఆయన ఆకాశంలో వెతకలేదు, వంటింట్లో, వడ్డీ లెక్కలో చూశారు. బలవంతుల పాపాన్నీ విడిచిపెట్టలేదు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో తెల్ల మిషనరీల ఎదుటే నిలబడి, వారి త్యాగాన్ని గుర్తించి, భారతీయులను సమానంగా చూసే స్నేహం మాత్రం వారిలో లేదని చెప్పారు. సభలో చాలామందికి అది రుచించలేదు. అక్కడ ఆ మాట అన్నవారు కనకనే, వాడలో తాగుబోతును మందలించే హక్కు ఆయనకు ఉందని నేను నమ్ముతాను. బలహీనుణ్ణి మాత్రమే గద్దించే నోటిని ఎవరూ నమ్మరు.

యెహెజ్కేలు గ్రంథం 33వ అధ్యాయంలో దేవుడు ప్రవక్తను కావలివాడుగా నియమిస్తాడు. ఖడ్గం రావడం చూసి కావలివాడు బూర ఊదితే, విని కూడా జాగ్రత్తపడనివాడి దోషం వాడిదే. చూసి ఊరుకుంటే మాత్రం పోయిన ప్రాణానికి కావలివాడే లెక్క చెప్పాలి. దుర్మార్గుడు చావడం తనకు సంతోషం కాదని, అతడు తిరిగి బతకాలన్నదే తన కోరిక అని దేవుడు ఒట్టు పెట్టి చెప్పేదీ ఆ అధ్యాయంలోనే. ఈ రెండూ కలిపి చదవాలి. ఆ కోరిక లేకుండా బూర ఊదేవాడు జనాన్ని బెదరగొడతాడు. కోరిక ఉందంటూ బూర ఊదనివాడు జనాన్ని చావనిస్తాడు.

ఈనాటి మన సభల్లో ఆశీర్వాదాలకు, స్వస్థతలకు దొరికే సమయం మారుమనస్సుకు దొరకడం లేదు. నొప్పించడం ఎందుకని మనం మౌనంగా ఉంటాం, దానికి మర్యాద అని పేరు పెట్టుకుంటాం. ఎదుటివాడు నాశనమవుతున్నాడని తెలిసి కూడా ఊరుకోవడం మర్యాద కాదు. అది ప్రేమ చల్లారిందనడానికి గుర్తు. పెద్ద వేదికలు అవసరం లేదు. మనకు తెలిసిన ఒక మనిషి, మనం వాయిదా వేస్తూ వచ్చిన ఒక మాట ఉంటాయి. ముందు మన పాపం ఒప్పుకొని, ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్లాలి. కసిరితే తిరిగొచ్చి మళ్లీ వెళ్లాలి. అతడు మారిన రోజున అప్పు కాగితం రాయడానికి పక్కన కూర్చోవాలి. అంతదాకా వెళ్లే మనసు ఉన్నవాడి హెచ్చరికే సువార్త అవుతుంది.