నీనెవె కొరకు ఎవరు ప్రార్థిస్తారు?



మా తడ ప్రాంతములో రాకెట్టు చప్పుడు కొత్త కాదు. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోటలో రాకెట్టు లేచిన ప్రతిసారీ పిల్లలు, పెద్దలు బయటకు వచ్చి చూచి సంతోషిస్తారు. 1980లో అక్కడ నుండి రోహిణి ఉపగ్రహమును పంపిన బృందమునకు నాయకుడైన అబ్దుల్ కలాంగారే 1998 మే నెలలో పోఖ్రాన్ అణుపరీక్షలలోనూ ముఖ్యపాత్ర వహించారు. మనుష్యుని జ్ఞానము మేలుకూ పనికివస్తుంది, నాశనమునకూ పనికివస్తుంది.

2025 మే నెలలో పాకిస్తానుతో పోరాటము జరుగుచున్న దినములలో, ఒక గృహకూటములో ఒక యౌవనస్థుడు, "అయ్యగారూ, మన దగ్గర అణుబాంబు ఉంది గదా! ఒకటి వేసేస్తే పీడ పోతుంది. అట్లా ప్రార్థన చేయండి" అన్నాడు. కుమారుడు సైన్యములో ఉన్న ఒక తల్లి అక్కడే కన్నీళ్లతో కూర్చున్నది. ఆమెను చూచి మేము ఆ మాటను సరిచేయలేదు. శత్రువును సమూలముగా నాశనము చేయుమని ప్రార్థించాము. అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఇద్దరు సేవకులు జ్ఞాపకమునకు వచ్చారు. 1945 ఆగస్టులో హిరోషిమాకు బయలుదేరుచున్న విమాన సిబ్బంది కొరకు ప్రార్థించినది విలియం డౌనీ అనే లూథరన్ పాదిరి. వారు క్షేమముగా తిరిగి రావాలని, యుద్ధము త్వరగా ముగియాలని ఆయన వేడుకొన్నాడు. బాంబు పడిన ఆ పట్టణములో కియోషి తానిమోతో అనే మెథడిస్టు పాదిరి ఉన్నాడు. ఆయన ఒక పడవ వెదకి, కాలిన శరీరములతో పడియున్న వారిని నది దాటించాడు. ఇద్దరూ మొరపెట్టినది ఒకే ప్రభువుకు. ఆ సంవత్సరాంతమునకు చనిపోయినవారు సుమారు 1,40,000 మంది.

బాంబు వలన యుద్ధము త్వరగా ముగిసి అనేకుల ప్రాణములు దక్కినవని చెప్పేవారున్నారు. ఆ మాటను తేలికగా త్రోసివేయలేము. సైనికుని తల్లి కన్నీరు మేము చూచాము. అయితే అణుబాంబు సైనికుని, చంటిబిడ్డను వేరు చేయదు. దాని విషము సరిహద్దు ఎరుగదు. తాను ముందుగా అణ్వస్త్రము వాడనని మన దేశమే 2003లో తన విధానముగా ప్రకటించింది. ప్రభుత్వమే అంత జాగ్రత్తపడితే, సంఘము "వేసేయి" అనవచ్చునా?

యోనా గ్రంథము నాలుగవ అధ్యాయము తీసి చదివాము. నీనెవె ఇశ్రాయేలుకు శత్రువే. అయినా కుడి ఎడమలు ఎరుగని లక్ష ఇరువదివేల మందిని, వారి పశువులను సైతము దేవుడు లెక్కపెట్టాడు. మేమైతే యోనావలె పట్టణము కాలుట చూడగోరి కూర్చున్నాము.

ఆదివారము నాటికి కాల్పులు ఆగినవి. అయినను మేము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొన్నాము. ఆ తల్లి కుమారుని కొరకు పేరు పెట్టి ప్రార్థించాము. తరువాత అవతలి దేశపు తల్లుల కొరకు, వారి బిడ్డల కొరకు ప్రార్థించాము. ఈసారి ఆమేన్ కొందరే పలికారు. పలికినవారిలో ఆ తల్లి ఉన్నది.

ప్రియులారా, మీ కుటుంబ ప్రార్థనలో మన సైనికులను మరువకండి. నీనెవెను కూడా మరువకండి. ప్రభువు మనకు అట్టి మనస్సు దయచేయునుగాక. ఆమేన్.