సైటు మీద సంసారం

"ఏం చేస్తుంటారండీ?" అని పెళ్లిళ్లలో ఎవరైనా అడిగితే ఒకప్పుడు 'డీటీపీ' అనేవాణ్ని. అడిగినవాళ్లలో సగం మంది మా కొట్లో శుభలేఖలు కొట్టించుకున్నవాళ్లే కాబట్టి ఇంక చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు 'వెబ్‌సైటు నడుపుతున్నాను' అంటే, "అది సరే, ఆదాయం దేనిమీద?" అంటారు. దానిమీదే అంటే నమ్మరు. మా మామగారైతే పదేళ్లుగా నమ్మడం లేదు.

ఆయన తప్పేం లేదు లెండి. మొదటి మూడున్నరేళ్లూ ఆ సైటు నాకు ఒక్క రూపాయి కూడా తెచ్చిపెట్టలేదు.

తెనాలిలో 1999లో కొట్టు పెట్టాను. రెండు కంప్యూటర్లు, ఒక లేజర్ ప్రింటరు. శుభలేఖలు, కరపత్రాలు, బడుల ప్రశ్నపత్రాలు, అద్దె ఒప్పందాలు, దశదిన కర్మ కార్డులు... పదిహేనేళ్లలో హార్డ్‌డిస్కులో వేల ఫైళ్లు పోగయ్యాయి. ఆ తర్వాత ఫోన్లలోనే పెళ్లిపిలుపులు మొదలయ్యాయి. కొట్టుకి వచ్చేవాళ్లు తగ్గారు. వచ్చే ఫోన్లు మాత్రం తగ్గలేదు. "బాబాయ్, అద్దె అగ్రిమెంటు నమూనా ఒకటి పంపవా?" "మాస్టారూ, సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి?" అన్నీ ఊరికే చేసిపెట్టే పనులే. ఒక్కొక్కరికీ పంపే బదులు అన్నీ ఒకేచోట పెడితే పోలేదా అనిపించింది. 2015లో సైటు మొదలైంది అలాగే.

మొదటిరోజు నా ఫైలులోని తెలుగుని ఉన్నదున్నట్టు తెచ్చి పేజీలో అతికించాను. తెర మీద తెలుగు లేదు. కామాలు, కొక్కేలు, ఎవరో కోపంతో కీబోర్డు మీద గుద్దినట్టు అక్షరాలు! మేం వాడే అను ఫాంట్లు అవి ఉన్న కంప్యూటర్లోనే తెలుగులా కనిపిస్తాయి. నెట్‌లో అందరికీ కనబడాలంటే యూనికోడ్‌లో ఉండాలి. మార్చిపెట్టే పనిముట్లు దొరికాయిగానీ ఒత్తులు ఎగిరిపోయేవి. శుభలేఖలో వియ్యంకుడి పేరుకి ఒత్తు ఎగిరిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. దాంతో రాత్రిపూట కొట్టు కట్టేశాక కూర్చుని, ఒక్కొక్కటీ మళ్లీ టైపు చేశాను. అరవై నమూనాలకి ఎనిమిది నెలలు పట్టింది.

చదివేవాళ్లు వచ్చారు. డబ్బులే రాలేదు. సైట్లలో ప్రకటనలు వేసే యాడ్‌సెన్స్ 2003 నుంచీ ఉన్నా, తెలుగు పేజీలకు అది 2018 డిసెంబరులో గానీ రాలేదు. వాళ్లిచ్చిన నాలుగు వరసల కోడు మన పేజీలో పెడితే చాలు, ఏ ప్రకటన వేయాలో వాళ్లే చూసుకుంటారు. ప్రకటనదారు ఇచ్చిన దాంట్లో మనకి వాటా. పది డాలర్లు పోగయ్యాక, చిరునామా నిజమైందో కాదో చూసుకోవడానికి పోస్టులో అంకెలున్న కార్డు పంపుతారు. వంద డాలర్లయితే గానీ డబ్బు పంపరు. మా పోస్టుమ్యాన్ ఆ కార్డు చేతికిచ్చి, "ఏంటండీ, ఫారిన్ ఉద్యోగమా?" అన్నాడు.

ఆ వంద డాలర్లకి నాకు ఏడు నెలలు పట్టింది. 2019 చివర్లో బ్యాంకులో సుమారు ఏడు వేలు పడ్డాయి. గర్వంగా మా ఆవిడకి చూపించాను. ఆవిడ దాన్ని ఏడుతో భాగించి, "నెలకి వెయ్యి. పాలబిల్లుకి సరిపోతుంది" అంది. అప్పటినుంచీ మా ఇంట్లో సైటు ఆదాయానికి 'పాలబిల్లు' అనే పేరు స్థిరపడిపోయింది.

2020లో లాక్‌డౌన్ వచ్చింది. కొట్టు మూతపడింది. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. ఇంట్లో ఖాళీగా కూర్చుని, పాఠకులు రాసిన ఉత్తరాలకి జవాబులివ్వడం మొదలుపెట్టాను. ఒకాయన అడిగాడు: "అద్దె ఒప్పందం పదకొండు నెలలకే ఎందుకు రాస్తారండీ? పన్నెండు ఎందుకు కాకూడదు?"

ఇరవై ఏళ్లలో ఎన్ని వందల ఒప్పందాలు టైపు చేశానో! ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. దస్తావేజులు రాసే మిత్రుణ్ని అడిగాను. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన కౌలుకీ, ఏటేటా సాగే కౌలుకీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చూ తిరుగుడూ లేకుండా ఒక నెల తగ్గించి రాసుకోవడం అలవాటైందన్నమాట. అదే ఒక పేజీగా రాశాను. మిగతా నమూనాలన్నిటికీ కలిపి ఎంతమంది వస్తారో, ఆ ఒక్క పేజీకి అంతమంది వచ్చారు. నమూనా కాగితం ఎక్కడైనా దొరుకుతుంది. పక్కన కూర్చుని 'ఇది ఎందుకంటే...' అని చెప్పే మనిషే దొరకడు. సైటుకి మనుషులు ఎందుకు వస్తారో నాకప్పుడు అర్థమైంది.

అర్థమైందని ఊరుకుంటే బాగుండేది. 2021 మొదట్లో కొట్టు ఖాళీ చేసేశాను. ఇంక సైటే సంసారం. రోజుకి మూడు పేజీలు రాశాను. పరీక్షా ఫలితాలు, బంగారం ధరలు, రేషన్ కార్డులు, ఏది దొరికితే అది. వేరేచోట చూసి రాసినవే ఎక్కువ. నెలకి ఇరవై వేలు దాటింది. పాలబిల్లు కాస్తా ఇంటిబిల్లు అయింది.

ఆ దసరాకి ముందు ఒక పెద్దాయన ఫోన్ చేశారు. రిటైరైన మనిషి. తనకి రావలసిన బకాయిల గురించి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టుకున్నారు. 2005 చట్టం ప్రకారం ముప్ఫై రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మరో ముప్ఫై రోజుల్లో మొదటి అప్పీలు వేసుకోవాలి. రెండో అప్పీలుకి తొంభై రోజులు గడువు. తొందరలో నేను మొదటి అప్పీలు దగ్గరే తొంభై అని రాశాను. ఆయన నా మాట నమ్మి నిదానంగా ఉన్నారు. వెళితే, గడువు దాటిపోయిందన్నారట.

"మీ పేజీ ప్రింటు కూడా తీసుకెళ్లి చూపించాను బాబూ" అన్నారు.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆలస్యానికి తగిన కారణం చూపిస్తే గడువు దాటినా అప్పీలు తీసుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. ఆ రాత్రే కూర్చుని ఆయన అప్పీలు నేనే టైపు చేసి పంపాను. పని ఏమైందో ఆయన మళ్లీ చెప్పలేదు. అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

మర్నాడు మా ఆవిడతో చెప్పాను, సగం పేజీలు తీసేస్తానని. ఆవిడ కాసేపు ఆలోచించి, "అమ్మాయి ఫీజు?" అంది. నా దగ్గర జవాబు లేదు. అయినా తీసేశాను. నేను స్వయంగా సరిచూడలేని ప్రతి పేజీనీ తీసేశాను. మిగిలినవన్నీ మొదటినుంచి చదివి దిద్దాను. ఆదాయం సగానికి పడిపోయింది. ఆ ఆరు నెలలూ ఇల్లు గడిచింది ఆవిడ కుట్టుమిషన్ మీదే. దిద్దడం అయిందనుకునేసరికి 2022 ఏప్రిల్లో మన రాష్ట్రంలో పదమూడు జిల్లాలు ఇరవై ఆరయ్యాయి. దరఖాస్తుల్లో జిల్లా పేర్లన్నీ మళ్లీ మార్చాను. ఇప్పుడు ప్రతి పేజీ కింద 'చివరిసారి సరిచూసిన తేదీ' ఉంటుంది. రోజూ ఉదయం రెండు గంటలు అదే పని. కొత్తది రాసేది వారానికి ఒకటే.

ఆదాయం మెల్లగా తిరిగొచ్చింది. ఇప్పుడు నిలకడగా ఉందంటే, నెలనెలా ఒకే మొత్తం వస్తోందని కాదు. ప్రకటనల రేట్లు దసరా నుంచి డిసెంబరు దాకా బాగుంటాయి, జనవరిలో దిగిపోతాయి. ఆషాఢంలో, మూఢాల్లో శుభలేఖల వైపు ఎవరూ తొంగిచూడరు. జూన్‌లో అద్దె ఇళ్లు మారేవాళ్లు, బడులకి దరఖాస్తులు రాసుకునేవాళ్లు వస్తారు. అందుకని మా ఆవిడ ఒక లెక్క పెట్టింది. కిందటేడు అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో, ఈ ఏడాది నా జీతం అంత. పైన వచ్చిందంతా పోస్టాఫీసు ఆర్డీలోకి. మొదటి ఏడాది ఆ లెక్కన నా జీతం ఆరువేల నాలుగు వందలు. ఇప్పుడు పదిహేడు వేలు.

అందులో ప్రకటనల డబ్బు సగం కన్నా తక్కువే. "మా వివరాలు పెట్టి మీరే రాసిపెట్టండి" అనేవాళ్లకి నూట యాభై తీసుకుని దరఖాస్తు చేసిస్తాను. పెళ్లికార్డు మాటలకి అయిదొందలు. అమెరికాలో ఉన్న మనవాళ్లు తెలుగూ ఇంగ్లీషూ రెండిట్లో కావాలంటారు. ఊళ్లో ఇద్దరు ప్రెస్సువాళ్లు తమ చిరునామా పెట్టినందుకు నెలకింత అని ఇస్తారు. ఈమధ్య నెట్‌లో ఏదైనా వెతికితే, ఏ సైటులోకీ వెళ్లనక్కర్లేకుండా జవాబు అక్కడే కనబడుతోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లు మూడోవంతు తగ్గారు. రాసిపెట్టమని అడిగేవాళ్లు మాత్రం తగ్గలేదు. ఇది ఎన్నాళ్లో చెప్పలేను. ఆర్డీ కట్టేది అందుకే.

మీలో ఎవరికైనా సైటు పెట్టాలని ఉంటే నేను చెప్పగలిగేది ఒక్కటే. ఎంతమంది వస్తారని లెక్కవేసుకునే ముందు, మీరు రాసింది ప్రింటు తీసుకుని ఆఫీసుకి వెళ్లే మనిషిని ఒక్కసారి తలుచుకోండి.

నా సైటులో సీజను లేని పేజీ ఒకటుంది. దశదిన కర్మ కార్డు నమూనా. పెళ్లిళ్లకి ముహూర్తాలుంటాయి, దీనికి లేవు. ఏడాది పొడుగునా, అర్ధరాత్రి రెండింటికి కూడా ఎవరో ఒకరు తెరుస్తూనే ఉంటారు. ఒకరోజు ఆ పేజీ నేనే తెరిచి చూస్తే, 'స్వర్గస్తులైనారు' అన్న మాట కిందే పెళ్లి సంబంధాల ప్రకటన మెరుస్తోంది. ఆ పేజీలో ప్రకటనలు తీసేశాను. నెలకి ఎనిమిదొందల దాకా పోతాయి.

మా ఆవిడకి చెప్పాను. "పోనీలే. పాలబిల్లేగా" అంది.