రెండు ఓట్లు – ఒక సిరాచుక్క

2024వ సంవత్సరము మే నెల 13వ తేదీ ఉదయమున, ఎండ ముదరకమునుపే పని ముగించుకొనవలెనని, మేము ఏడు గంటలకే బరంపురములో మా పేట పాఠశాల ముందు వరుసలో నిలిచితిమి. ఆ దినమున మాకు రెండు ఓట్లు. ఒకటి ఢిల్లీలోని లోక్‌సభకు. రెండవది భువనేశ్వరములోని శాసనసభకు. యంత్రములు రెండు. ఎడమచేతి చూపుడు వ్రేలిపై పెట్టిన సిరాచుక్క మాత్రము ఒక్కటే. అదే దినమున, సరిహద్దు కావల ఇచ్ఛాపురములో మా మేనల్లుడును అట్లే రెండు ఓట్లు వేసెను. వాని ఓట్లలో ఒకటి అమరావతికి పోయెను. మాది భువనేశ్వరమునకు పోయెను. ఢిల్లీకి పోయినవి మాత్రము రెండును ఒకే సభకు చేరినవి.

మేము మెట్రిక్యులేషను చదివి, ఒక ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా ఉద్యోగకాలమంతయు గడిపినవారము. రాజ్యాంగ శాస్త్రమును పుస్తకములలో చదివి యెరుగము. కాని ఎన్నికల విధులలో పోలింగు కేంద్రములందు కూర్చుండి, వేలకొలది వ్రేళ్లకు సిరా పెట్టి చూచినది మాత్రము కొంత కలదు. ఆ అనుభవముతోడను, ఇటీవల మా ఇంటిలో ఒక బాలుడు వేసిన ప్రశ్న కలిగించిన కలతతోడను ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఎన్నికలకు పదిదినముల ముందు మా వీధిలో ఒక సభ జరిగినది. వక్త ఆవేశపరుడు. రాష్ట్రమును బయటివాడు ఏలుచున్నాడనియు, బయటివారిని సాగనంపవలెననియు పలుమారు గర్జించెను. అరుగుమీద కూర్చుండి వినుచున్న మా మనుమడు మావైపు తిరిగి, "తాతా! మనమూ బయటివాళ్లమేనా?" అని అడిగెను. వానికి పండ్రెండేండ్లు. బడిలో ఒడియా, ఇంటిలో తెలుగు, ఆటలలో రెండును కలగలిపి మాటలాడువాడు. మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి.

సరిహద్దు గీత సంగతి పెద్దలందరు ఎరిగినదే. 1936 ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు, అంతవరకు మదరాసు రాజధానిలో నుండిన గంజాము ప్రాంతము, బరంపురముతో సహా, దానిలో చేరెను. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము అవతరించెను. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రములు దేశమంతట స్థిరపడెను. మా తాతగారు ఇల్లు మారలేదు, వీధి మారలేదు. ఆయన చిరునామాలో రాష్ట్రము పేరు మాత్రము మారినది. హోసూరులోను, బళ్లారిలోను, యానాములోను ఈ సంచికను చదువు సోదరులకు ఇట్టి కథయే మరియొక తేదీతో నుండును.

మేము బయటివారమా కామా అను ప్రశ్నకు మా ఊరి చరిత్రయే కొంత సమాధానము చెప్పుచున్నది. భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన వి. వి. గిరిగారు 1894లో ఈ బరంపురముననే జన్మించిరి. 1969లో ఆయన రాష్ట్రపతి పదవికి పోటీచేయగా, ఎదుట నిలిచినవారు నీలం సంజీవరెడ్డిగారు. ఇరువురును తెలుగువారే. అయినను ఆ పోరు భాషది కాదు. కాంగ్రెసు పార్టీ లోపలి చీలికది. రాజకీయమున మనుష్యులను కలుపునదియు విడదీయునదియు భాష యొక్కటియే కాదని మాకు మొదట తెలిపినది ఆ వృత్తాంతమే.

1996లో పి. వి. నరసింహారావుగారు ప్రధానిగా నుండి నంద్యాలలోను బరంపురములోను నిలిచిరి. రెండుచోట్లను గెలిచి, నంద్యాలను వదలి బరంపురమును అట్టిపెట్టుకొనిరి. ఆ ఎన్నికలో మేము పోలింగు ఉద్యోగిగా నుంటిమి. ఆయన తెలంగాణమువారు, ఈ జిల్లాకు ఏమియు కారు. అయినను మేము కూర్చుండిన కేంద్రములో "బయటివాడు" అను మాట ఎవరినోటను మా చెవిని బడలేదు. ఓటు వేయరాని వారు వేయలేదు, వేసినవారు వేసిరి. ఆయనకు ఓటు వేసినట్లు చెప్పుకొనిన ఒడియా మిత్రులు మాకు కలరు. వేయలేదని చెప్పిన తెలుగువారును కలరు.

ఇక రెండు ఓట్ల సంగతి. 1999లో లోక్‌సభకును, 2000 ఫిబ్రవరిలో శాసనసభకును ఒరిస్సాలో వేరువేరుగా ఎన్నికలు జరిగినవి. 2004 మొదలుకొని రెండును ఒకేసారి జరుగుచున్నవి. ఒకేసారి పెట్టినచో ఓటరు రెంటిని కలగాపులగము చేయునని పలువురు తలచిరి. మేము చూచినంతలో ఓటరు అంత అమాయకుడు కాడు. 2014లో బిజూ జనతాదళము శాసనసభలోని 147 స్థానములలో 117, లోక్‌సభ స్థానములు 21లో 20 గెలిచెను. రెండు ఓట్లును ఒక దారినే పోయినవి. 2019లో అట్లు కాలేదు. ఎన్నిక జరిగిన 146 శాసనసభ స్థానములలో ఆ పార్టీకే 112 వచ్చినవి గాని, లోక్‌సభలో 12 మాత్రమే దక్కినవి. భారతీయ జనతాపార్టీకి 8, కాంగ్రెసునకు 1 పోయినవి. అనగా, ఒకే వరుసలో నిలిచి, ఒకే సిరాచుక్క పెట్టించుకొని, భువనేశ్వరమునకు ఒకరిని, ఢిల్లీకి వేరొకరిని పంపినవారు వేలమంది కాదు, లక్షలమంది యుండిరన్నమాట.

2024లో గాలి మరల మారెను. శాసనసభలో భారతీయ జనతాపార్టీకి 78, బిజూ జనతాదళమునకు 51, కాంగ్రెసునకు 14 స్థానములు వచ్చినవి. లోక్‌సభకు 21లో 20 భారతీయ జనతాపార్టీయే గెలువగా, ఇరువదినాలుగేండ్లు రాష్ట్రమును పాలించిన పార్టీకి ఒక్కటియు దక్కలేదు. ఇందులో గుమాస్తా కంటికి ఆనిన చిన్న లెక్క యొకటి కలదు. శాసనసభ ఓట్లలో ఓడిన బిజూ జనతాదళమునకు నూటికి 40.22 వంతులును, గెలిచిన భారతీయ జనతాపార్టీకి 40.07 వంతులును వచ్చినవి. ఓట్లు రవంత ఎక్కువ వచ్చినవారు ప్రతిపక్షమున కూర్చుండిరి. ఎవరికి ఎన్ని ఓట్లు అనుటకన్న, ఏ నియోజకవర్గమున ఎన్ని అనునదియే ఈ పద్ధతిలో ప్రధానము. మనవంటి అల్పసంఖ్యాకులు ఈ లెక్కను మరువరాదు. ఒక పేటలో కుదురుగానున్న కొలది ఓట్లు ఒక్కొక్కప్పుడు తక్కెడను ఒకవైపునకు వంచగలవు. అందువలననే ఎన్నికల మాసమున మా పేటలో ఆటోలమీద తెలుగు పాటలు మ్రోగును. అభ్యర్థులు తెలుగులో నమస్కరింతురు. ఫలితములు వచ్చిన మరునాటినుండి ఆ భాష వారికి మరపునకు వచ్చును.

2024 ఎన్నికలలో మిక్కిలి మ్రోగిన మాట "ఒడియా అస్మిత". దానికి మూలము వి. కె. పాండ్యన్‌గారు. వారు తమిళనాట పుట్టి, ఒడిశాలో ఐ.ఏ.ఎస్. ఉద్యోగిగా పనిచేసిరి. ఒకప్పుడు మా గంజాము జిల్లాకు కలెక్టరు. పిదప ముఖ్యమంత్రి నవీన్ పట్నాయక్‌గారి కార్యదర్శియై, 2023లో ఉద్యోగము విడిచి, ఆ నవంబరులో పార్టీలో చేరి, ప్రచారమంతయు తామే నడిపించిరి. ఫలితముల పిమ్మట 2024 జూను 9వ తేదీన రాజకీయములనుండి తప్పుకొనుచున్నట్లు ప్రకటించిరి.

ఈ విషయమున మేము చాలదినములు ఆలోచించితిమి. "ప్రజలు ఎన్నుకొనని వ్యక్తి ప్రభుత్వమును నడుపవచ్చునా?" అను ప్రశ్న న్యాయమైనది. పార్లమెంటరీ విధానమున అధికారమునకు మూలము ఓటు గాని సామీప్యము కాదు. ఆ ప్రశ్న వేసినవారిని మేము తప్పుపట్టము, మేమును వేసితిమి. "అతడు ఎక్కడ పుట్టెను?" అను ప్రశ్న వేరు. మొదటిది రాజ్యాంగమునకు సంబంధించినది. రెండవది రక్తమునకు సంబంధించినది. సభలలో వక్తలు ఈ రెంటిని ఒకే గుక్కలో చెప్పుదురు. వినువారిలో మా మనుమనివంటివారు రెండవదానినే మనస్సున పెట్టుకొందురు. ఒడియాలో ధారాళముగా మాటలాడజాలరని అందరెరిగిన నవీన్‌బాబునే ఇదే ప్రజలు ఐదుమార్లు గెలిపించిరి. కనుక ప్రజలు భాషనుబట్టియే మనుష్యుని తూచుదురనుట వారికి అన్యాయము చేయుట యగును. ఆ తూనికరాయిని తెచ్చిపెట్టునవి పార్టీలు.

జూను 4వ తేదీన మా మేనల్లుడు ఇచ్ఛాపురమునుండి ఫోను చేసి, "మామయ్యా! మన పార్టీ గెలిచింది. ఢిల్లీలోనూ మనమే కావాలిప్పుడు" అని సంబరపడెను. తెలుగుదేశమునకు శాసనసభలోని 175 స్థానములలో 135, లోక్‌సభలో 16 వచ్చినవి. భారతీయ జనతాపార్టీకి లోక్‌సభలో 240 మాత్రమే వచ్చుటచే, ఆ 16నకు ఎక్కడలేని విలువ కలిగెను. మేమును మిఠాయి తెప్పించితిమి. తినుచుండగా మా పొరుగు ఒడియా మిత్రుడు నవ్వుచు, "మీరు ఓటు వేయని పార్టీకి మిఠాయి యేమి?" అని అడిగెను. మాటకు నవ్వితిమి గాని, లోపల గ్రుచ్చుకొనెను. అక్కడ గెలిచిన పార్టీని మనదనుకొనుచున్నాము. అక్కడ మనకు ఓటు లేదు. ఇక్కడ మనకు ఓటున్నది. ఇక్కడి పార్టీని మనదనుకొనుటకు సంకోచించుచున్నాము. రెంటికి చెడ్డ రేవడి బ్రతుకు కాకుండ చూచుకొనవలసిన భారము మనదే.

2024 జూను 12వ తేదీన గన్నవరము దగ్గరనున్న కేసరపల్లిలో చంద్రబాబునాయుడుగారును, భువనేశ్వరములో మోహన్ చరణ్ మాఝీగారును ముఖ్యమంత్రులుగా ప్రమాణము చేసిరి. ప్రధాని రెండింటికిని హాజరయిరి. ఆ దినమున దూరదర్శనమున రెండును చూచితిమి. ఒక రాష్ట్రము తన సొంత పార్టీని ఢిల్లీలో భాగస్వామిగా కూర్చుండబెట్టినది. మరియొకటి ఢిల్లీని పాలించు పార్టీనే తన ఇంట కూర్చుండబెట్టుకొన్నది. ఏది మేలు? భాగస్వామికి బేరమాడు శక్తి కలదు గాని, రేపు లెక్క మారినచో అది కరగిపోవును. ఒకే పార్టీ రెండుచోట్ల నున్నచో పని త్వరగా జరుగవచ్చును గాని, కాదని గట్టిగా అడుగువాడు లోపించవచ్చును. ఈ తూకమును ప్రతి తరమును తనంతట తాను తూచుకొనవలసినదే. అందులకే 2024 డిసెంబరు 17వ తేదీన ఏకకాల ఎన్నికల బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టబడినప్పుడు మాకు భయము కలుగలేదు, ఉత్సాహమును కలుగలేదు. ఓట్లు ఒకేదినమున వేసినను, వేరుగా ఆలోచించు ఓటరు వేరుగానే ఆలోచించును. ఆలోచింపనివానికి ఐదేండ్ల ఎడము ఇచ్చినను ప్రయోజనము లేదు.

ఆలోచన లేనిదే ఓటు ఎట్లు వ్యర్థమగునో మా బడి కథ తెలుపును. మా పేట ప్రాథమిక పాఠశాలలో తెలుగు చెప్పు ఉపాధ్యాయుని స్థానము చిరకాలము ఖాళీగా నుండెను. పేట పెద్దలతో కలిసి మేము అర్జీ వ్రాసి, ఒక ఎన్నికలో లోక్‌సభ అభ్యర్థికి ఇచ్చితిమి. ఆయన, ఇది రాష్ట్రప్రభుత్వపు పని యనెను. శాసనసభ అభ్యర్థికి ఇచ్చితిమి. భాషల సంగతి కేంద్రము చూడవలెనని ఆయన సెలవిచ్చెను. అర్జీ నకళ్లు మా పెట్టెలో మిగిలినవి. అప్పుడు కాని రాజ్యాంగమును తెరచి చూడలేదు. విద్య 1976లో చేసిన 42వ సవరణచే రాష్ట్ర జాబితానుండి ఉమ్మడి జాబితాకు మారినది. అందుచే ఒకరిమీద ఒకరు త్రోసివేయుట సులభమైనది. కాని 1956లో చేర్చిన 350-ఏ అధికరణము, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును, ప్రతి స్థానిక సంస్థయు ప్రయత్నింపవలెనని స్పష్టముగా చెప్పుచున్నది. అవసరమగునెడల రాష్ట్రపతి ఆదేశము లీయవచ్చును. ఉపాధ్యాయుని నియమించు చేయి భువనేశ్వరముది. నియమింపుమని గట్టిగా చెప్పగల నోరు ఢిల్లీది. ఏ అభ్యర్థిని ఏమి అడుగవలెనో మేము ఎరుగకపోవుటయే మా మొదటి ఓటమి.

మన పెద్దలలో ఒక అలవాటు కలదు. ఏ రాయి అయితేనేమి పండ్లూడగొట్టుకొనుటకు అని పెదవి విరచి, గెలుచునని తోచిన పార్టీకి వేసి, ఇంటికి వచ్చి తలుపు వేసికొందురు. ఏ ఎండకా గొడుగు పట్టినవారిని ఏ పార్టీయు లెక్కచేయదు; వారు ఎట్లును వచ్చెదరని దానికి తెలియును. అడిగి వేయు నూరు ఓట్లకు ఉన్న గౌరవము, అడుగక వేయు వేయి ఓట్లకు లేదు.

మా మనుమని ప్రశ్నకు ఎన్నికల దినముననే బదులు చెప్పితిమి. ఇంటికి వచ్చి వ్రేలిమీది సిరాను చూపి, "బయటివాడికి ఈ చుక్క పెట్టరురా" అంటిమి. వాడు క్షణము ఆలోచించి, "మరి నాకు లేదుగా?" అనెను. పదునెనిమిది నిండగానే పెట్టుదురని చెప్పితిమి. వాడు ఆరేండ్లు లెక్కించుకొని ఊరకుండెను. వాని వ్రేలిమీద ఆ చుక్క పడునాటికి మా బడిలో తెలుగు పంతులుగా రుండవలెనని పేట పెద్దలము మరల అర్జీ వ్రాసితిమి. ఈసారి ప్రతులు రెండు. ఒకటి భువనేశ్వరమునకు, ఒకటి ఢిల్లీకి.