పెట్టెలో నాన్నగారి గొంతు

మా ఇంటికి కంప్యూటరు పెట్టె వచ్చి పన్నెండేళ్ళయినది. రశీదులు, పెళ్ళి ఫోటోలు, పిల్లల మార్కుల కాగితాలు అన్నీ అందులోనే దాచుకుంటూ వచ్చాము. అది నిండగానే జేబులో పట్టే డిస్కు ఒకటి కొని తగిలించాము. పెట్టెకున్నవి వెనుక నాలుగు, ముందు రెండు యు.ఎస్.బి. పోర్టులు. కీబోర్డు, మౌసు, ప్రింటరు, అమ్మాయి పాఠాలకు కెమెరా, ఇంకా ఏవేవో కూర్చున్నాక కొత్తవారికి చోటు లేదు. చవకలో ఒక హబ్బు తెచ్చి, ఒక పోర్టును నాలుగు చేసి, మహా తెలివైన పని చేశామనుకున్నాము.

మొన్న సంక్రాంతి ముందు ఆ డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకొని ఊరుకున్నది. 2017లో మా నాన్నగారి చేత చెప్పించి పట్టిన నలభై నిమిషాల మాట అందులోనే ఉన్నది. మా తాతగారు ఇచ్ఛాపురం నుండి బరంపురం వచ్చిన వైనం, 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై ఆ రెండు ఊళ్ళ నడుమ గీత పడినప్పుడు ఇంట్లో పెద్దలు పడిన తగవు, అంతా ఆయన గొంతులో ఉన్నది. నడుమ నడుమ ఒడియా మాటలు దొర్లుతాయి. వెనుక అమ్మ నవ్వు వినిపిస్తుంది. ఆయన 2019లో పోయారు. ఆఫీసులో ప్రతి కాగితానికి మూడు నకళ్ళు తీసే మేము దానికి మాత్రం రెండో నకలు తీయలేదు!

బజారులో ఒక దుకాణదారు తన దగ్గరి హబ్బుకే తగిలించి చూసి, "ఇది పోయిందండీ" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరమూ సరిగా అన్నం తినలేదు.

ఆదివారం మా మేనల్లుడు వచ్చి పెట్టె వెనుకకు వంగి చూశాడు. "మావయ్యా, దీనికి తిండి పెట్టకుండా పని చేయమంటే ఎలా?" అన్నాడు. పాత రకం యు.ఎస్.బి. 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, నీలిరంగు 3.0 పోర్టు 900 ఇస్తుంది. మా హబ్బుకు సొంత కరెంటు లేదు. ఆ 500లోనే కెమెరా, చిన్న పంకా, డిస్కు పంచుకోవాలి. లోపలి మోటారు లేవబోయి, శక్తి చాలక కూలబడడమే ఆ టిక్కు టిక్కు. వాడు డిస్కును తీసి వెనుక నీలి పోర్టులో నేరుగా పెట్టాడు. క్షణం నిశ్శబ్దం, తరువాత సన్నని గుయ్‌మనే చప్పుడు. కాసేపటికి నాన్నగారు మాట్లాడారు. మా ఆవిడ తడిచేతులతో వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది.

ఆ వారమే బేరాలకు దిగాము. కంప్యూటరు నడిచే సరంజామాకు 500 జీబీల ఎస్.ఎస్.డి. తీసుకున్నాము. అంతకు ఎన్నో రెట్లు వేగం గల ఎన్.వి.ఎం.ఇ. రకం ఉన్నది గాని, మా పాత బోర్డుకు దానికి తగిన చోటు లేదు. కొత్త బోర్డులలో కూడ కొన్నింట అది పెడితే ఒక సాటా పోర్టు మూతపడుతుందట. కొనేముందు బోర్డు పుస్తకం చదవాలి. దాచుకునే సరుకుకు మాత్రం తిరిగే హార్డ్ డిస్కే, 4 టీబీలది. అదే డబ్బుకు ఎక్కువ పడుతుంది. పైగా ఎస్.ఎస్.డి.ని కరెంటు లేకుండా ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచితే రాత చెదరవచ్చును. ఇంటికి తెచ్చి పెడితే 3.63 అని చూపింది. "నాన్నా, మోసపోయాం!" అన్నది అమ్మాయి. అమ్మేవాడు వేయిల లెక్కన కొలుస్తాడు, యంత్రం 1024ల లెక్కన కొలుస్తుంది. వెనుకటికి ఊరికొక మానిక ఉన్నట్టే!

పోర్టుల కరువుకు, బోర్డు మీద ఖాళీగా ఉన్న పి.సి.ఐ. ఎక్స్‌ప్రెస్ గాడిలో నాలుగు పోర్టుల కార్డు దిగింది. దానికి పెట్టెలోని పవర్ సప్లై నుండి వేరే తీగ వస్తుంది. హబ్బు ఇప్పుడు మౌసుకు, పంకాకు పరిమితం.

నాన్నగారి మాట ఇప్పుడు మూడు చోట్ల ఉన్నది. మూడో నకలు ఇచ్ఛాపురంలో మేనత్తగారికి ఇచ్చి వినిపించాము. మొత్తం విని, కళ్ళు తుడుచుకొని, "మీ తాత బండి మీద రాలేదురా, రైలులో వచ్చాడు. మీ నాన్నకు ఎప్పుడూ సరిగా గుర్తుండదు" అన్నది. వచ్చే నెల ఆమెను కూర్చోబెట్టి ఆ కథ వేరే రికార్డు చేయవలసి ఉన్నది.